ఏ వయసుకు ఏ దయ్యం?

దయ్యాలున్నాయా, లేవా అని మాత్రం నన్నడక్కండి. ఆ తగవు మా ఇంట్లో నలభై ఏళ్ళుగా తెగలేదు, ఇక తెగుతుందన్న ఆశా లేదు. మావారు సైన్సు మనిషి. మేముండే తార్నాకలోనూ, ఆ పక్క హబ్సిగూడలోనూ ఎటు చూసినా పరిశోధనశాలలేనాయె! రసాయనాలకొకటి, భూగర్భానికొకటి, జీవకణాలకొకటి, మనం తినే తిండికొకటి. ఇన్ని ప్రయోగశాలల మధ్య కాపురం చేస్తూ పిల్లలకు దయ్యం కథలు చెబుతానంటే ఆయనకు ఒళ్ళు మంట. "దయ్యాన్ని ఒకసారి నాకు చూపించు, తర్వాత పిల్లలకు చెబుదువుగాని" అంటారు. "దయ్యం లేదు సరే, భయం ఉందా లేదా?" అంటాను నేను. అక్కడితో చెరో కప్పు కాఫీ తాగి ఎవరి పనిలో వాళ్ళం పడతాం.

నేనీవేళ అడగదలచుకున్న ప్రశ్న వేరు. మనం నమ్మని దయ్యంతో పిల్లలను భయపెట్టవచ్చునా? పెడితే ఏ వయసు వాళ్ళను, ఏ దయ్యంతో, ఎంతమేరకు? వినడానికి తమాషాగా ఉంటుంది గదూ! కిందటేడు భాద్రపదం దాకా నాకూ తమాషాగానే ఉండేది.

ఆవేళ మధ్యాహ్నం నుంచీ ఒకటే వాన. సాయంత్రం ఆరయ్యేసరికి కరెంటు పోయింది. మా అపార్టుమెంటులో పిల్లలంతా, ఐదేళ్ళవాడి దగ్గర్నుంచి పన్నెండేళ్ళ పిల్లదాకా, మా హాల్లో చేరి "అమ్మమ్మా, దయ్యం కథ" అని కూర్చున్నారు. మా మనవలిద్దరికే నేను అమ్మమ్మని. మిగతా వాళ్ళంతా వరసకు కలుపుకున్నవాళ్ళు. కొవ్వొత్తి వెలుగు, కిటికీ రెక్క టపటపా కొట్టుకోవడం, ఇంకేం కావాలి? నాకూ ఊపొచ్చింది. యూనివర్సిటీ రోడ్డు మీద మర్రిచెట్టునొకదాన్ని మొలిపించాను. దాని మీదొక దయ్యాన్ని ఎక్కించాను. ముగ్గుబుట్టలాంటి తల, ముందు పళ్ళు రెండూ ఊడిన నోరు, చేతిలో కర్ర, నెత్తిన బుట్ట. ఆ బుట్ట మీద గోనెపట్టా కప్పి ఉంటుంది. దాని కిందేముందో చూసినవాడు మళ్ళీ ఇంటికి రాడు. "బుట్టలో ఏముందమ్మమ్మా?" అని అడిగాడు రెండో అంతస్తు కుర్రాడు. "నీలాంటివాడే" అన్నాను. పిల్లలు కెవ్వుమన్నారు. నా కథాకౌశలానికి నేనే మురిసిపోయాను.

మూడోనాడు ఉదయం గేటు దగ్గర కేకలు. వెళ్ళి చూద్దును గదా, మా ఆకుకూరల అవ్వ నేలమీద చతికిలబడి ఉంది. కనుబొమ్మ మీద నెత్తురు. తోటకూర, గోంగూర కట్టలు చెల్లాచెదురుగా పడున్నాయి. లాలాపేట వైపు రైలుకట్ట పక్క బస్తీ నుంచి పదిహేనేళ్ళుగా వస్తోంది ఆవిడ. నెత్తిన బుట్ట. కూర వాడిపోకుండా పైన తడిపిన గోనెపట్టా. చేతిలో కర్ర. ముందు పళ్ళు రెండు లేవు.

అప్పుడు నాకు అర్థమైంది. దయ్యాన్ని నేను కల్పించలేదు. రోజూ చూసేదాన్నే ఎక్కించాను.

రాయి విసిరింది ఎనిమిదేళ్ళవాడు. "బుట్టలో ఏముందో చూడకముందే కొట్టాలి" అనుకున్నాడట. నా కథలో వాడు నేర్చుకున్న నీతి అదన్నమాట! అవ్వను లోపలికి తీసుకొచ్చి, గాయం కడిగి మందు రాశాను. టీ ఇస్తే గ్లాసు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది గానీ తాగలేదు. కాసేపటికి అంది.

"పోరలు కొట్టిన్రని గాదమ్మా. ఆ పోరడు నన్నేమన్నడో ఇన్నవా? దయ్యమన్నడు. మా ఊళ్ళె గిట్లనే మొదలైతది. మా చిన్నమ్మను ముందుగాల పోరలే అన్నరు. ఎనుక పెద్దోళ్ళన్నరు. బాణామతి జేస్తదని పండ్లు రాలగొట్టిన్రు. నేను గందుకే పట్నమొచ్చిన."

నాకు నోట మాట రాలేదు. బాణామతి, చేతబడి అనే మాటలతో తెలంగాణ పల్లెల్లో ఒంటరి ఆడవాళ్ళనూ, ముసలివాళ్ళనూ కట్టేసి కొట్టిన వార్తలు, పళ్ళు పీకిన వార్తలు, నిప్పుపెట్టిన వార్తలు పేపర్లో మనమంతా చదివినవాళ్ళమే. చదివి, అయ్యో పాపం అని పేజీ తిప్పినవాళ్ళమే. ఆ వార్త ముందొక కథగా మొదలవుతుందని, ఆ కథ చెప్పేవాళ్ళు నాబోటి కబుర్లపోగులే అయి ఉంటారని ఎన్నడైనా తట్టిందా?

ఆ రాత్రి నిద్ర పట్టక పడుకుంటే నా హాస్టలు రోజులు గుర్తొచ్చాయి. నేను ఎం.ఏ. చదవడానికి ఉస్మానియాకు వచ్చింది 1974లో. ఖమ్మం దాటి ఎరగనిదాన్ని. గులాబిరంగు రాళ్ళతో కట్టిన ఆర్ట్స్ కాలేజీ మెట్లెక్కుతుంటే, ఇంత పెద్ద భవనంలో నేనేం చదువుతానా అని కాళ్ళు వణికేవి. ఆ భవనం 1939లో తెరిచారుట. నాకు మాత్రం వెయ్యేళ్ళ నాటిదిలా కనిపించేది. రాత్రిళ్ళు హాస్టల్లో సీనియర్లు భయపెట్టేవాళ్ళు. ఈ క్యాంపసు ఉన్న చోట పూర్వం ఒక నాట్యకత్తె తోట ఉండేదనీ, అమావాస్య నాడు గజ్జెల చప్పుడు వినబడుతుందనీ. మేము దుప్పట్లు ముసుగు పెట్టుకుని, చెవులు మాత్రం బయట పెట్టేవాళ్ళం. ఒకసారి నిజంగానే గల్లుమంది. వాచ్‌మన్ తాళంచెవుల గుత్తి అది.

ఎన్నో ఏళ్ళ తర్వాత తెలిసింది, ఆ నాట్యకత్తెకు ఒక పేరుందని. మహలఖా బాయి చందా. 1768లో పుట్టి 1824లో పోయింది. అడిక్‌మెట్ జాగీరు ఆవిడది. యూనివర్సిటీ వెలసింది ఆ భూముల్లోనే. ఉర్దూలో గజళ్ళు రాసింది. నూటపాతిక గజళ్ళ దివాన్ ఆవిడ పోయిన ఏడే వెలువడింది. మౌలాలి గుట్ట కింద తల్లికోసం సమాధి కట్టించింది, తనూ అక్కడే ఉంది. మేము దుప్పట్లో వణికిన రాత్రుల్లో ఒక్కరైనా ఆ మాట చెప్పి ఉంటే, సుమారు రెండువందల ఏళ్ళ కిందట ఈ నేల మీద ఒక ఆడది కవిత్వం రాసుకుందని తెలిసేది కదా! పట్నంలో బిక్కుబిక్కుమంటూ కూర్చున్న పల్లెటూరి పిల్లకు అదెంత ధైర్యం! గజ్జెలు మిగిల్చి గజళ్ళు తీసేశారు. దయ్యం చెయ్యడమంటే అదేనేమో.

ఆ చూపుతో చూడ్డం మొదలుపెట్టాక ఇంకొకటి కూడా కనబడింది. మన దయ్యాలన్నీ ఎవరు? నూతిలో పడిన కోడలు. పురిట్లో పోయిన బాలింత. పెళ్ళి కాకుండా పోయిన పిల్ల. కామినీదయ్యం, శాకినీ ఢాకినీ, ఏ పేరు చూసినా ఆడపేరే. మగ దయ్యం లేకపోలేదు గానీ, బ్రహ్మరాక్షసుడంటే కాస్త చదువుకున్నవాడు, హోదా ఉన్నవాడు. అసలా కోడలు నూతిలో ఎందుకు పడిందో చెప్పే కథ నా చిన్నతనంలో ఒక్కటి వినలేదు. రాత్రిపూట నూతి దగ్గరికి వెళ్ళకూడదన్న సంగతే చెప్పేవాళ్ళు.

మీలో చాలామంది "ఓ స్త్రీ రేపు రా" అన్న రాత చూసే ఉంటారు. ఊళ్ళో ప్రతి తలుపు మీదా సుద్దతోనో బొగ్గుతోనో రాసేవారు. అర్ధరాత్రి ఆడదయ్యం వచ్చి, తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుందిట. తలుపు మీద రాత చదువుకుని, సరే రేపొద్దామని వెళ్ళిపోతుందిట. మర్నాడు మళ్ళీ అదే. దయ్యానికి చదువొచ్చని నమ్మిన ఊళ్ళోనే ఆడపిల్లకు చదువెందుకన్నారు, విచిత్రం చూడండి.

ఇంతకీ మర్నాడు పొద్దున్నే రాయి విసిరిన కుర్రాడి తల్లి వచ్చింది. బ్యాంకులో ఉద్యోగం, నిక్కచ్చి మనిషి. కొడుకును చెవి పట్టుకుని తీసుకొచ్చి, "వీణ్ణి ఏం చెయ్యమంటారో చెప్పండాంటీ" అంది. అప్పుడు నా పని బేతాళుణ్ణి భుజాన వేసుకున్న విక్రమార్కుడి పనే అయింది. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది, అంటే నా పెద్దరికం గంగలో కలుస్తుంది. "వాడి చెవి వదులమ్మా, బుట్ట పెట్టింది నేను" అని జరిగింది చెప్పాను. ఆ పిల్ల కాసేపు నన్నే చూసి, "అయితే దయ్యం కథలు మానేద్దామా? మా వాడికి పుస్తకాలు కొనాలనుకుంటున్నా, ఏవి కొనమంటారు?" అంది. మావారు పేపరు చాటు నుంచే, "లెక్కల పుస్తకం కొను" అన్నారు.

మానేద్దామనే నాకూ అనిపించింది, మూడు రోజులపాటు. కానీ మనం మానేస్తే పిల్లలు ఊరుకుంటారా? ఫోన్లో వాళ్ళ దయ్యాలు వాళ్ళకున్నాయి. అవి మన ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పేవి కావు. భయం వేసినప్పుడు పట్టుకోవడానికి అక్కడ కొంగు లేదు. పిల్లలు భయపడాలనుకుంటారు. మామిడికాయ పుల్లగా ఉంటుందని తెలిసీ ఉప్పూ కారం అద్దుకుని కొరికినట్టే. కాకపోతే పాలు మరవని పిల్లకు మామిడికాయ పెట్టం కదా.

అందుకని ఆ అమ్మాయికి నేను చెప్పింది మీకూ చెబుతాను. ఇది శాస్త్రం కాదు, దెబ్బతిన్న మనిషి మాట.

ఐదారేళ్ళలోపు వాళ్ళకు దయ్యమే వద్దు. "అన్నం తినకపోతే బూచాడొస్తాడు" అన్నది కథ కాదు, అది బెత్తం. బెత్తం కంటపడితే పిల్లవాడు దాస్తాడు. బూచాణ్ణి ఎక్కడ దాస్తాడు? మా పెద్దమ్మాయికి నాలుగో ఏట నేను ఆ బూచాణ్ణి పరిచయం చేసి, పదో ఏడు దాకా దాన్ని ఒంటరిగా స్నానాలగదికి పంపలేకపోయాను. నా చేతి వంట నేనే తిన్నాను. ఆ వయసుకు తెలివిలేని రాక్షసుడైతే ఫరవాలేదు. కుందేలు సింహాన్ని నూతిలోకి తొంగిచూడమన్న కథ లాంటివి. చిన్నవాడు పెద్దవాణ్ణి బోల్తా కొట్టించాలి, పిల్లలు నవ్వాలి.

ఏడెనిమిదేళ్ళకు బాలనాగమ్మ కథ చెప్పండి. 1942లో జెమినీ వాళ్ళు సినిమా తీశారు, కాంచనమాల బాలనాగమ్మ. అంతకుముందే అది మన పల్లెల్లో తరతరాలుగా పాడుకున్న కథ. మాయల ఫకీరు తల్లిని ఎత్తుకుపోతే కొడుకు బాలవర్ధి పెరిగి పెద్దవాడై వెతుక్కుంటూ వెళతాడు. ఫకీరు ఎంత భయంకరుడైనా వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది. ఆ వయసు పిల్లలకు చెప్పే ప్రతి భయంకరమైన కథలోనూ ఎక్కడో ఒక చిలక ఉండి తీరాలంటాను. భయానికి ఒక పీక ఉండాలి, దాన్ని పట్టుకోగల చెయ్యి పిల్లవాడిదై ఉండాలి. నా బుట్టదయ్యంలో నేను చిలకను పెట్టలేదు. అందుకే ఆ కుర్రాడు రాయి వెతుక్కున్నాడు.

పదేళ్ళు దాటితే బేతాళ కథలు. వీటిని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. మూలంలో ఇవి ఇరవై అయిదు. కాశ్మీరంలో పదకొండో శతాబ్దంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో ఉన్నాయి. సూర్యమతి అనే రాణికి కాలక్షేపం కోసం రాశాడుట, అంటే మనలాంటి పాఠకురాలి కోసమే. దానికి మూలం గుణాఢ్యుడి బృహత్కథ. సాతవాహన రాజు దగ్గర ఉన్న ఆ గుణాఢ్యుడు పైశాచీ భాషలో, అంటే పిశాచాల భాష అని పేరు పడినదాంట్లో రాస్తే రాజు తోసిపుచ్చాడనీ, ఆయన అడవిలో కూర్చుని ఒక్కొక్క ఆకే మృగాలకు చదివి వినిపించి మంటలో వేశాడనీ కథ. అదలా ఉంచండి. మన చందమామ 1947 జూలైలో మొదలైంది. తర్వాతెప్పుడో బేతాళుడు అందులో చెట్టెక్కాడు. ఇరవై అయిదూ అయిపోయినా వదలకుండా కొత్తవి అల్లుతూనే పోయారు. కత్తి చేతబట్టి, శవాన్ని భుజాన వేసుకున్న రాజు బొమ్మ శంకర్‌గారిది. ఆ బొమ్మ చూసి దడుచుకుని పేజీ తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పి చూడనివారు మన తరంలో ఎవరున్నారు? చందమామ ఆగిపోయింది గానీ పాత సంచికలు సుల్తాన్‌బజారు వైపు ఫుట్‌పాత్ మీద దొరికితే నేనిప్పటికీ వదలను.

ఆ దయ్యం గొప్పతనమేమిటంటే అది పీక పిసకదు, ప్రశ్న అడుగుతుంది. ముగ్గురిలో ఎవరు గొప్ప త్యాగి? తప్పెవరిది? పిల్లలు భయం మరిచిపోయి వాదులాడుకుంటారు. మా మనవరాలు విక్రమార్కుడి జవాబులు సగం తప్పంటుంది. "ఆ అమ్మాయిని ఎవరికివ్వాలని అడుగుతున్నాడు సరే, ఆ అమ్మాయినే అడగొచ్చుగా?" అంది ఒకనాడు. బేతాళుడు వింటే చెట్టెక్కడం మరిచిపోయేవాడు.

పదహారేళ్ళ వాళ్ళకు మనం చెప్పేదేముంది, వాళ్ళే చదువుకుంటారు. ఎనభైల మొదట్లో యండమూరి వీరేంద్రనాథ్‌గారి తులసిదళం ఆంధ్రభూమి వారపత్రికలో వస్తుంటే మా కాలనీలో పత్రిక చేతులు మారీ మారీ అట్ట ఊడిపోయేది. పసిపిల్ల మీద క్షుద్ర ప్రయోగం. నేనప్పుడు ఒడిలో పిల్లతో ఉన్నాను, చదివి రాత్రంతా ఊయల పక్కనే కూర్చున్నాను. మూఢనమ్మకాలు పెంచుతున్నారని తిట్టినవాళ్ళూ ఉన్నారు. ఆ తిట్టులో న్యాయం లేదనను. ఆ ఏళ్ళలో బాణామతి పుకార్లు నిజంగానే మనుషుల ప్రాణాల మీదికి వస్తున్నాయి మరి. పదహారేళ్ళ పిల్ల చేతికిచ్చేటప్పుడు ఒక్కటి అడగండి: ఈ కథలో క్షుద్రదేవత కావాల్సింది ఎవరికి, డబ్బు కోసం ఆశపడింది ఎవరు? దయ్యం వెనక మనిషిని పట్టుకోవడం వచ్చిన పిల్లకు ఏ పుస్తకమైనా ఇవ్వవచ్చు.

మనలాంటివాళ్ళకు? టాగూరు రాసిన కంకాళం అనే కథ ఉంది, దొరికితే చదవండి. ఎముకల పాఠం నేర్చుకోవడానికి ఒక ఇంట్లో అస్థిపంజరం వేలాడదీసి ఉంటుంది. పాఠం చదివిన కుర్రాడు పెద్దవాడయ్యాక ఒక రాత్రి అదే గదిలో పడుకుంటాడు. ఆ ఎముకల తాలూకు ఆడమనిషి వచ్చి మంచం పక్కన కూర్చుని తన కథ తనే చెప్పుకుంటుంది. ఇన్ని ఎముకలను లెక్కపెట్టారు గదా, వాటి మీదున్న వయసూ అందం, మనసూ ఎవరికైనా తెలుసా అన్నట్టుగా. ఆ కథలో ఎవరూ కెవ్వుమనరు. పూర్తయ్యాక మనకే గొంతు పట్టేస్తుంది.

దయ్యం కథలకు ఋతువు కూడా ఉంది సుమండీ. ఇంగ్లండులో చలికాలం, క్రిస్మసు రోజుల్లో నిప్పు చుట్టూ కూర్చుని చెప్పుకునేవారు. డికెన్సు 1843లో రాసిన క్రిస్మసు కథలో ఆత్మలు వచ్చేది ఆ రాత్రే, అదీ ఒక పిసినారి చేత గుమాస్తాకు జీతం పెంచించడానికి! జపానులో నడివేసవి. వెన్ను జలదరిస్తే చల్లబడతామని సరదాగా అంటారు గానీ, పోయిన పెద్దలు ఇంటికొచ్చే బోన్ పండుగ కూడా ఆ రోజుల్లోనే. మనకు భాద్రపద బహుళం, మహాలయ పక్షం. పదిహేను రోజులు పితృదేవతల లెక్క చూసి, అమావాస్యతో ముగిస్తాం. ఇక్కడ దాన్ని పెత్తరమాస అంటారు. పోయినవాళ్ళ పేరున పొద్దున్న బియ్యం ఇస్తారు, సాయంత్రం అదే రోజున ఎంగిలిపూల బతుకమ్మ ఎత్తుతారు. చావూ పూలూ ఒక్క రోజునే. ఇన్నేళ్ళు తార్నాకలో ఉండీ ఆ సంగతి ఎన్నడూ ఆలోచించలేదు నేను. పోయిన మా అత్తగారు దయ్యం కాదు, పెద్దమ్మవారింటి పెంచలయ్య దయ్యం కాదు, వాళ్ళకు పేర్లున్నాయి, పేరు చెప్పి పిండం పెడతాం. పేరు తెలియనిదే దయ్యమవుతుంది కాబోలు.

అవ్వ వారం రోజులు రాలేదు. నేనే వెళ్ళి వెతకాలనుకున్నాను. మోకాళ్ళు నొప్పని వంక పెట్టుకుని వెళ్ళలేదు, అదీ ఒప్పుకోవాలి. పెత్తరమాస నాడు తనే వచ్చింది, బుట్ట నిండా గునుగు, తంగేడు. కనుబొమ్మ మీద మచ్చ నల్లబడింది. రెండో అంతస్తు కుర్రాడు తల్లి చాటున నిలబడ్డాడు. "ఇటు రా బిడ్డా, బుట్టల ఏమున్నదో చూస్తవా?" అని గోనెపట్టా తీసింది. వాడు చూశాడు. ఏమీ అనలేదు. ఒక తంగేడు రెమ్మ తీసుకుని పరిగెత్తాడు, డబ్బులివ్వకుండా. డబ్బులు నేనిచ్చాను.

ఆవేళ సాయంత్రం మళ్ళీ వాన, మళ్ళీ కరెంటు పోయింది. పిల్లలు చేరారు గానీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు, అడగరు. చివరికి మా ఐదేళ్ళ మనవడు నోరు విప్పాడు.

"అమ్మమ్మా, ఆ మర్రిచెట్టు దయ్యం పేరేంటి?"

నేను పెట్టలేదు. పన్నెండేళ్ళ పిల్ల అందుకుంది, "దయ్యం కాకముందు ఏ ఊరు? చచ్చిపోయినప్పుడు వాళ్ళమ్మ ఏడ్చిందా?"

"ఉండండర్రా, ఆలోచించనివ్వండి" అన్నాను. ముందు పేరు కావాలి. రంగమ్మా, లచ్చమ్మా అని నేను వెతుక్కుంటూ ఉండగానే కరెంటొచ్చింది. పిల్లలు హోయ్‌మని అరుచుకుంటూ టీవీ దగ్గరికి పరిగెత్తారు.